మానసిక రోగుల్లో మత్తు వాడకం లెక్క తీయాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

స్కిజోఫ్రీనియా, బైపోలార్, డిప్రెషన్ లాంటి జబ్బులతో ఆస్పత్రికి వచ్చేవాళ్లలో ఎంతమంది తాగుతున్నారు, ఎంతమంది గంజాయి పీలుస్తున్నారు, ఎంతమంది నిద్రమాత్రలు డాక్టర్ రాసినదానికంటే ఎక్కువ మింగుతున్నారు? సైకియాట్రీ పీజీలు, సైకియాట్రిక్ సోషల్ వర్క్ విద్యార్థులు థీసిస్ కోసం తరచూ ఎత్తుకునే అంశం ఇది. బయటి నుంచి చూస్తే అడిగి రాసుకోవడమే కదా అనిపిస్తుంది. కానీ ఒకే వార్డులో, ఒకే నెలలో కేస్ షీట్లు తిరగేసినవాళ్లకి ఒక అంకె వస్తుంది, పేషెంటుని కూర్చోబెట్టి అడిగినవాళ్లకి ఇంకో అంకె, మూత్ర పరీక్ష చేసినవాళ్లకి మూడో అంకె. అందుకే పద్ధతి ఎంచుకోవడం ఈ పనిలో సగం. మన తెలుగు రాష్ట్రాల ఆస్పత్రుల్లో ఈ పని చేయబోయేవాళ్లని మనసులో పెట్టుకుని, ఏది ఎప్పుడు పనికొస్తుందో చెబుతాను.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒక పాత అధ్యయనం చాలు. అమెరికాలో ఎపిడెమియోలాజిక్ క్యాచ్‌మెంట్ ఏరియా సర్వే ఫలితాలను రీజియర్ బృందం 1990లో ప్రచురించింది. జీవితంలో ఎప్పుడైనా మానసిక జబ్బు వచ్చినవాళ్లలో 29 శాతం మందికి మద్యం లేదా మాదకద్రవ్యాల సమస్య కూడా ఉంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో అది 47 శాతం. అంటే దాదాపు ఇద్దరిలో ఒకరు. ఇది అమెరికా అంకె, మనకి యథాతథంగా వర్తించదు. అక్కడి జాబితాలో కొకెయిన్ ముందుంటే ఇక్కడ ఖైనీ, క్వార్టర్, కల్లు ముందుంటాయి.

మన దేశంలో పెద్ద లెక్క ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం 2018లో తీసి 2019లో బయటపెట్టింది. 186 జిల్లాల్లో 2 లక్షలకు పైగా ఇళ్లు తిరిగారు. 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో 14.6 శాతం మద్యం, 2.8 శాతం గంజాయి, భంగు లాంటివి, 2.1 శాతం ఓపియాయిడ్లు (నల్లమందు, హెరాయిన్, కొన్ని నొప్పి మాత్రల వర్గం) వాడుతున్నట్టు తేలింది. థీసిస్ రాసేవాళ్లంతా ఈ అంకెల్ని ఉపోద్ఘాతంలో పెడతారు. కానీ ఆ సర్వే పద్ధతిలోనే మనం నేర్చుకోవాల్సింది ఎక్కువ. చట్టవిరుద్ధమైన డ్రగ్స్ గురించి గుమ్మంలో నిలబడి అడిగితే నిజం రాదని వాళ్లకి ముందే తెలుసు. అందుకని ఇంటింటి సర్వేతో పాటు, వాడేవాళ్ల ద్వారానే ఇంకొందరు వాడేవాళ్లని చేరుకునే పద్ధతిలో మరో 70 వేల మందికి పైగా మాట్లాడి, రెండిటినీ కలిపి అంచనా కట్టారు. అన్ని వనరులున్న సంస్థే ఒక్క పద్ధతిని నమ్ముకోలేదు. ఒక్క ప్రొఫార్మా, అంటే వివరాలు నింపే ఫారం, పట్టుకుని వార్డులోకి వెళ్లే పీజీ దీన్ని గుర్తుంచుకోవాలి.

ముందు మీ ప్రశ్న ఏంటో తేల్చుకోండి

సాధనం ఎంచుకునే ముందు మీ ప్రశ్న ఈ మూడిట్లో ఏదో చూసుకోండి. మా ఆస్పత్రికి వచ్చేవాళ్లలో ఎంతమంది వాడుతున్నారు అన్నది ఒకటి. వాళ్లలో ఎవరికి చికిత్స అవసరమయ్యేంత ఇబ్బంది ఉంది అన్నది రెండోది. ఈ సైకోసిస్ (లేనివి వినపడటం, భ్రమలు లాంటి స్థితి) గంజాయి వల్ల వచ్చిందా, ముందే ఉన్న జబ్బుకి గంజాయి తోడైందా అన్నది మూడోది. మొదటిదానికి చిన్న ప్రశ్నావళి సరిపోతుంది. రెండోదానికి తీవ్రతని కొలిచే సాధనం కావాలి. మూడోది అసలు ప్రశ్నావళితో తేలే విషయమే కాదు. దానికి ఏది ముందు మొదలైంది, మానేసిన తర్వాత లక్షణాలు ఎన్నాళ్లు ఉన్నాయి అని తేదీలతో సహా రాబట్టే డయాగ్నస్టిక్ ఇంటర్వ్యూ చేయాలి. అమెరికా సైకియాట్రీ సంఘం రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం మత్తు ఆపి దాదాపు నెల దాటినా సైకోసిస్ లక్షణాలు ఉంటే అది కేవలం మత్తు వల్ల వచ్చింది కాదని అనుమానించాలి. ఆ నెల రోజులు పేషెంటుని చూసే వీలు లేని చోట మూడో ప్రశ్నని థీసిస్ టైటిల్‌గా పెట్టుకోవద్దు.

కేస్ షీట్లు: చౌక, కానీ చవకబారు కూడా

పాత కేస్ షీట్లు తిరగేయడం అన్నిటికంటే సులువు. డబ్బు ఖర్చు లేదు, పేషెంటుని కదిలించే పని లేదు, రెండు నెలల్లో వందల కేసులు చూడొచ్చు. కానీ అర్ధరాత్రి క్యాజువాలిటీలో హిస్టరీ రాసిన డాక్టర్ మత్తు గురించి అసలు అడిగాడా లేదా అన్నది కాగితం చెప్పదు. 'అలవాట్లు లేవు' అని రాసి ఉన్నా, ఆ గడి ఖాళీగా ఉన్నా లెక్కలో రెండూ సున్నాగానే పడతాయి. పైగా ప్రధాన జబ్బుకి ఎఫ్20 (జబ్బుల అంతర్జాతీయ జాబితాలో స్కిజోఫ్రీనియా) కోడ్ వేసిన తర్వాత, మద్యానికి వేయాల్సిన ఎఫ్10 రెండో కోడ్ చాలాచోట్ల వేయరు.

కాబట్టి అసలు అధ్యయనానికి ముందు ఒక అంచనా కోసం, లేదా మా ఆస్పత్రిలో మత్తు వివరాలు ఎంత అరకొరగా రాస్తున్నారో చూపించడానికి కేస్ షీట్లు వాడండి. రెండోది నిజంగా మంచి తనిఖీ అవుతుంది. 'ఇంతమంది వాడుతున్నారు' అని చెప్పడానికి మాత్రం వాడకండి.

ప్రశ్నావళుల్లో ఏది?

ఒక్కటే ఎంచుకోవాలంటే నేను ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అసిస్ట్ అనే ప్రశ్నావళికే ఓటేస్తాను. ఇందులో ఎనిమిది ప్రశ్నలు ఉంటాయి. పొగాకు, మద్యం, గంజాయి, కొకెయిన్, ఆంఫిటమిన్ రకాలు, పీల్చే సొల్యూషన్లు, నిద్రమాత్రలు, భ్రాంతి కలిగించేవి, ఓపియాయిడ్లు, ఇతరాలు అని పది గడులు. ఎప్పుడైనా వాడారా అన్నదాంతో మొదలై, గత మూడు నెలల్లో ఎంత తరచుగా, తహతహ ఎంత, ఇబ్బందులు ఏమొచ్చాయి, ఇంట్లోవాళ్లు ఆందోళన పడ్డారా, మానాలని చూసి మానలేకపోయారా అని సాగి, సూదితో ఎక్కించుకున్నారా అన్న ప్రశ్నతో ముగుస్తుంది. మద్యానికి 0 నుంచి 10, మిగతావాటికి 0 నుంచి 3 వస్తే ప్రమాదం తక్కువ. 27, అంతకంటే ఎక్కువ వస్తే ప్రమాదం ఎక్కువ. మధ్యలో ఉన్నవాళ్లకి క్లుప్త సలహా. దేశవ్యాప్త సర్వేలోనూ దీన్నే వాడారు కాబట్టి మీ ఫలితాన్ని దాని పక్కన పెట్టి చూసుకునే వీలుంటుంది.

దీనికో చిక్కుంది, వార్డులో పనిచేసేవాళ్లకి మొదటి వారంలోనే తగులుతుంది. గత మూడు నెలలు అని అడుగుతాం. పేషెంటు వార్డులో చేరి అప్పటికే ఆరు వారాలైతే సగం కాలం తాళం వెనకే గడిచింది. స్కోరు పడిపోతుంది. అందుకని అడ్మిట్ అయినవాళ్లని 'ఇక్కడికి రాకముందు మూడు నెలలు' అని అడగండి. ఆ మార్పు మెథడ్స్‌లో స్పష్టంగా రాయండి. ఓపీ వాళ్లని మామూలుగా అడగండి. రెండు గుంపులని ఒకే పట్టికలో కలపొద్దు.

మీ అంశం మద్యం ఒక్కటే అయితే ఆడిట్ అనే ప్రశ్నావళి మెరుగు. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు, 8, అంతకంటే ఎక్కువ వస్తే ప్రమాదకరమైన తాగుడు. సమయం లేకపోతే మొదటి మూడు ప్రశ్నలతో సరిపెట్టే ఆడిట్-సి ఉంది. ఆడిట్‌లో ఒక 'డ్రింక్' అంటే 10 గ్రాముల ఆల్కహాల్. మన పేషెంటుకి డ్రింక్ లెక్క తెలియదు, క్వార్టర్ తెలుసు. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే ఆరు డ్రింకులు. 90 మిల్లీలీటర్లంటే మూడు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు నాలుగు దాకా వెళుతుంది. ఆడిట్ మూడో ప్రశ్న సరిగ్గా 'ఒకేసారి ఆరు, అంతకంటే ఎక్కువ' అని అడుగుతుంది. ఆ ప్రశ్నని మన దగ్గర 'క్వార్టర్, అంతకంటే ఎక్కువ' అని అడగొచ్చు. ఈ మార్పిడి పట్టికని ప్రశ్నావళి వెనక ముద్రించి పెట్టుకోండి. ప్రతిసారీ బుర్రలో లెక్క వేసుకుంటే ముగ్గురు డేటా తీసేవాళ్లు మూడు రకాలుగా వేస్తారు.

మానసిక రోగుల్లో ఆడిట్ చేసే మోసం కూడా తెలుసుకోవాలి. ఏడో ప్రశ్న తాగిన తర్వాత తప్పు చేశానన్న బాధ కలిగిందా అని. తీవ్ర డిప్రెషన్‌లో ఉన్న మనిషికి అన్నిటికీ అదే బాధ. ఎనిమిదోది రాత్రి జరిగింది గుర్తులేకపోవడం గురించి. ఆ నెలలోనే కరెంటు చికిత్స, అదే ఈసీటీ, తీసుకున్న పేషెంటుకి చాలా సంగతులు గుర్తుండవు. ఉద్యోగం పోయిందంటే తాగుడు వల్లా, స్కిజోఫ్రీనియా వల్లా? ప్రశ్నలో 'తాగడం వల్ల' అన్న ముక్క ఉంటుంది, దాన్ని మింగేయకుండా, నొక్కి అడగాలి. పేషెంటు తేల్చుకోలేకపోతే 'తాగని రోజుల్లో ఇది ఉండేదా?' అని ఇంకోసారి అడగండి.

డాస్ట్-10 అనే ప్రశ్నావళి మద్యం, పొగాకు కాకుండా మిగతా డ్రగ్స్ గురించి. స్కిన్నర్ 1982లో తయారుచేసిన 28 ప్రశ్నల సాధనానికి ఇది కుదింపు. అన్ని డ్రగ్స్‌నీ ఒకే గంపలో వేస్తుంది కాబట్టి, మన దగ్గర గంజాయి, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, నిద్రమాత్రలు వేర్వేరు మనుషుల సమస్యలు కాబట్టి, నాకిది పెద్దగా నచ్చదు. దానికితోడు సైకియాట్రీ పేషెంటు రోజూ వేసుకునే మాత్రలు కూడా ఇందులో చేరతాయనుకుని అవునంటాడు. మద్యం మీద వేసే కేజ్ ప్రశ్నావళి నాలుగు ప్రశ్నలదే అయినా జీవితకాలం మొత్తాన్ని అడుగుతుంది. పదేళ్ల క్రితం మానేసినవాడు కూడా పాజిటివ్ అవుతాడు. రద్దీ ఓపీలో స్క్రీనింగ్‌కి సరే, థీసిస్‌కి వద్దు.

అంతగా పేరు వినపడని డాలి గురించి మాత్రం ఆగి చెప్పాలి. 1998లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో, తీవ్ర మానసిక జబ్బుతో ఆస్పత్రిలో చేరినవాళ్ల కోసమే కట్టిన 18 ప్రశ్నల సాధనం ఇది. మామూలు జనం కోసం చేసిన ప్రశ్నావళులు డిపెండెన్స్, అంటే మత్తు లేకుండా ఉండలేని స్థితి, లక్షణాలని వెతుకుతాయి. చేతులు వణకడం, పొద్దున్నే తాగడం లాంటివి. తీవ్ర మానసిక జబ్బు ఉన్నవాళ్లకి అంతదూరం వెళ్లక్కర్లేదు. వారానికి రెండుసార్లు పీల్చే గంజాయి, ఒక సీసా బీరే మళ్లీ వార్డులో చేర్చడానికి చాలు. డాలి ఈ చిన్న మోతాదు ఇబ్బందిని పట్టుకోవడానికి పుట్టింది. కాకపోతే అది పట్టుకునేవి మద్యం, గంజాయి, కొకెయిన్. మన కల్లు, ఖైనీ, మాత్రలు అందులో లేవు. ఉన్నదున్నట్టు తెచ్చి వాడమని చెప్పను. దాని ఆలోచనని తెచ్చుకోండి: మానసిక రోగుల్లో ఆడిట్ 8 అనే గీతని దేవుడి రాతలా చూడొద్దు. 8కి తక్కువ వచ్చినవాళ్లలో కూడా వాడకం తర్వాత జబ్బు తిరగబెట్టిందా అని ఒక అదనపు ప్రశ్న వేయండి.

పొగాకుకి ఫాగర్‌స్ట్రోమ్ టెస్ట్ ఆరు ప్రశ్నలది. పొగాకుని చిన్న విషయంగా కొట్టేయొద్దు. పొగ తాగితే కాలేయంలో ఒక ఎంజైమ్ చురుకై క్లోజపిన్, ఓలాంజపిన్ అనే సైకోసిస్ మందులు రక్తంలో తగ్గిపోతాయి. వార్డులో బీడీ ఆపించగానే మందు స్థాయి పెరిగి పేషెంటు మత్తుగా పడుంటాడు. ఇది మందు మోతాదుకి సంబంధించిన డేటా. ఆడవాళ్లని 'పొగ తాగుతారా?' అని అడిగితే లేదనే అంటారు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు పెద్దవయసు ఆడవాళ్లలో ఉంది. చుట్ట అని, జర్దా అని పేరు పెట్టి అడిగితేనే జవాబు వస్తుంది.

ఎమ్ఐఎన్ఐ, ఎస్‌సీఐడీ, ప్రిజ్మ్ లాంటి డయాగ్నస్టిక్ ఇంటర్వ్యూలు వేరే స్థాయి. వీటికి శిక్షణ కావాలి, కొన్నిటికి లైసెన్స్ కావాలి, ఒక్కో పేషెంటుకి చాలాసేపు పడుతుంది. మూడో ప్రశ్న మీదైతే వీటిలో ప్రిజ్మ్ ఎక్కువ తగినది. మత్తు వల్ల వచ్చిన మానసిక జబ్బునీ, విడిగా ఉన్న జబ్బునీ వేరుచేయడానికే అది తయారైంది.

కల్లు ఏ గడిలో రాయాలి?

తెలంగాణలో డేటా తీసేవాళ్లకి అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఇదే. బయటి సాధనాలేవీ దీన్ని ఊహించలేదు. కల్లు కాంపౌండ్‌లో అమ్మే కల్లులో అల్‌ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు కలపడం ఏళ్లుగా ఉన్న సంగతి. రోజూ తాగేవాడు తాను తాగేది కల్లేననుకుంటాడు. అతని శరీరం అలవాటు పడింది నిద్రమాత్రకి. సరఫరా ఆగిన రెండు మూడు రోజులకి ఫిట్స్, వింత మాటలు, లేనివి కనపడటం మొదలవుతాయి. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి కల్తీ కల్లు దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆస్పత్రులకి ఇలాంటివాళ్లు గుంపులుగా వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకి విత్‌డ్రాయల్ (మత్తు ఆగడం వల్ల వచ్చే బాధలు) కేసులు వరుసకట్టాయి.

ఇప్పుడు అసిస్ట్ తెరవండి. పేషెంటు 'రోజూ కల్లు' అన్నాడు. మద్యం గడిలో పెట్టారు. నిద్రమాత్రల గడిలో 'ఎప్పుడూ లేదు'. మీ థీసిస్‌లో నిద్రమాత్రల దుర్వినియోగం ఒక శాతం అని వస్తుంది. అది ఆ జిల్లాలో జరుగుతున్నదానికి పూర్తిగా విరుద్ధం. దీనికి నా సలహా: కల్లుకి విడిగా ఒక పేజీ పెట్టండి. చెట్టు కిందా, కాంపౌండ్‌లోనా? రోజుకి ఎన్ని సీసాలు? తాగకపోతే రెండో రోజు నిద్ర పడుతుందా, చేతులు, నాలుక ఎలా ఉంటాయి, ఫిట్స్ వచ్చాయా? అసిస్ట్ స్కోరు మద్యం గడిలోనే వేయండి, నియమాన్ని విరవొద్దు. విశ్లేషణలో మాత్రం 'కాంపౌండ్ కల్లు రోజూ తాగేవాళ్లు' అన్న గుంపుని వేరుగా చూపండి. ఆడిట్‌కి కల్లుని డ్రింకుల్లోకి మార్చే ప్రయత్నం చేయొద్దు. సీసా సీసాకి ఘాటు మారే దాన్ని గ్రాముల్లో చూపిస్తే లేని కచ్చితత్వాన్ని నటించినట్టే.

ఇదే కోవలో ఇంకోటి: ట్రైహెక్సీఫెనిడిల్, అందరికీ తెలిసిన బ్రాండ్ పేరు పాసిటేన్. సైకోసిస్ మందుల వల్ల వచ్చే బిగుతు, వణుకు తగ్గడానికి మనమే రాస్తాం. కొందరు ఉల్లాసం కోసం ఎక్కువ మింగుతారు, షాపులో పాత చీటీతోనే మళ్లీ కొంటారు. ఏ ప్రశ్నావళిలోనూ దీనికి గడి లేదు, మామూలు మూత్రం కిట్‌లోనూ పట్టీ లేదు. అసిస్ట్‌లోని 'ఇతరాలు' గడిలో దీని పేరెత్తి అడగాలి. మానసిక రోగుల మీద చేసే అధ్యయనంలో ఈ ఒక్క ప్రశ్న వదిలేస్తే ఆ అధ్యయనం మానసిక రోగులదే అని చెప్పుకోవడానికి ఏం మిగలదు.

మూత్ర పరీక్ష నిజం చెబుతుందా?

పేషెంటు అబద్ధం చెప్పొచ్చు, మూత్రం చెప్పదు అన్న నమ్మకంతో చాలామంది కిట్లు కొంటారు. మూత్రం అబద్ధం చెప్పదు. అడిగినదానికి మాత్రమే జవాబిస్తుంది, అదీ కొద్దిరోజుల వరకే. గంజాయి ఎప్పుడో ఒకసారి పీల్చినవాడికి మూడు రోజులు, రోజూ పీల్చేవాడికి నెల దాకా కనపడుతుంది. హెరాయిన్, ఆంఫిటమిన్, కొకెయిన్ రెండు నుంచి నాలుగు రోజులు. మద్యం గంటల్లో పోతుంది. ఇథైల్ గ్లూకురోనైడ్ పరీక్ష చేస్తే మరో రెండు మూడు రోజులు దొరుకుతుంది. అంటే నిజమైన పాజిటివ్ వస్తే వాడకం ఉన్నట్టే తప్ప సమస్య ఉన్నట్టు కాదు. నెగెటివ్ వస్తే ఈ వారం వాడలేదేమో అంతే.

కిట్ పట్టని వాటి జాబితా మనకి ఇంకా ఇబ్బంది. ఓపియేట్ పట్టీ మార్ఫిన్ వర్గాన్ని పడుతుంది, ట్రమడాల్, టాపెంటడాల్ దానికి కనపడవు. మన దగ్గర చేతులు మారే మాత్రలు ఎక్కువగా అవే. బెంజోడయజపీన్ (డయజిపాం, అల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రల వర్గం) పట్టీ చాలా కిట్లలో డయజిపాం వర్గానికి బాగా, లోరజిపాం, క్లోనజిపాంలకి అంతంతమాత్రంగా స్పందిస్తుంది. సొల్యూషన్ పీల్చే పిల్లలు అసలు బయటపడరు.

దీనికి ఎదురుగా, తప్పుడు పాజిటివ్‌లు. ఇవి మామూలు జనం కంటే సైకియాట్రీ పేషెంట్లలో ఎక్కువ, ఎందుకంటే మన మందులే వాటికి కారణం. క్వెటియాపిన్ మెథడోన్ పట్టీని, సెర్ట్రలిన్ బెంజోడయజపీన్ పట్టీని, బుప్రోపియాన్, ట్రజోడోన్, క్లోర్‌ప్రొమజీన్ ఆంఫిటమిన్ పట్టీని, వెన్లాఫాక్సిన్ పీసీపీ అనే భ్రాంతి డ్రగ్ పట్టీని తప్పుగా వెలిగించగలవు. కాబట్టి ప్రతి మూత్రం ఫలితం పక్కన ఆ రోజు వేసుకున్న మందుల జాబితా ఉండాలి. అనుకోని పాజిటివ్‌ని ల్యాబులో జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్ అనే కచ్చితమైన పరీక్షలతో నిర్ధారించుకోవాలి. నిర్ధారణకి డబ్బు లేదంటే పట్టికలో 'స్క్రీన్ పాజిటివ్' అనే రాయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి సమయం. గొడవ చేస్తూ వచ్చిన పేషెంటుకి క్యాజువాలిటీలో మొదట ఇచ్చేది లోరజిపాం ఇంజెక్షన్. వార్డుకి వచ్చాక మర్నాడు పొద్దున మూత్రం తీస్తే బెంజోడయజపీన్ పాజిటివ్ రావచ్చు. అది కల్లుదా, షాపులో కొన్న మాత్రదా, మన సూదిదా? చెప్పే దారి లేదు. మూత్రం తీయాలనుకుంటే నర్సింగ్ స్టాఫ్‌తో ముందే మాట్లాడి, ఇంజెక్షన్ ముందు నమూనా తీసేలా, కుదరకపోతే ఇంజెక్షన్ టైం రాసేలా ఏర్పాటు చేసుకోండి. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల దగ్గర మాత్రం నమూనా కోసం సూది ఆపే ప్రసక్తే లేదు. నమూనా తీశాక నాలుగు నిమిషాల్లో వేడి 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉందా చూడండి, క్రియాటినిన్ చేయించండి. నీళ్లు కలిపింది అక్కడే తెలిసిపోతుంది.

వెంట్రుకల పరీక్ష సెంటీమీటరుకి ఒక నెల చొప్పున పాత చరిత్ర చెబుతుంది, కానీ ఖరీదెక్కువ, అప్పుడప్పుడు పీల్చే గంజాయిని సరిగ్గా పట్టదు. తిరుపతి మొక్కు తీర్చుకుని వచ్చిన పేషెంటు దగ్గర తీయడానికి ఏమీ ఉండదు కూడా. మద్యానికి జీజీటీ అనే కాలేయ ఎంజైమ్ రక్తపరీక్ష చేయించేవాళ్లు ఒకటి గమనించాలి. కార్బమజిపిన్, ఫినిటాయిన్ అనే ఫిట్స్ మందులు వాడేవాళ్లలో తాగకపోయినా అది పెరుగుతుంది.

ఇంట్లోవాళ్లని అడగడం

మన ఆస్పత్రుల్లో పేషెంటు వెంట భార్యో, తల్లో, అన్నో ఉంటారు. పడమటి దేశాల పరిశోధకులకి అంత తేలిగ్గా దొరకని సౌకర్యం ఇది. తాగుడు విషయంలో ఇంట్లోవాళ్ల మాట బాగా పనికొస్తుంది, కొన్నిసార్లు పేషెంటు మాటకంటే ఎక్కువ. గంజాయి విషయంలో అంత కాదు. తల్లికి తెలిసేసరికి రెండేళ్లు గడిచి ఉంటాయి. గొడవల్లో ఉన్న భార్య ఎక్కువ చెప్పొచ్చు, పెళ్లి సంబంధం చూస్తున్న తండ్రి తక్కువ చెప్పొచ్చు.

ఇద్దర్నీ వేర్వేరుగా అడగాలి. పేషెంటుని ఒంటరిగా ముందు, ఆ తర్వాత అతని అనుమతితో ఇంట్లోవాళ్లని. ఇద్దరి జవాబులూ విడి గడుల్లో ఉంచండి, కలిపి ఒకటి చేయొద్దు. 2018 సర్వేలో మద్యం మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6 శాతం. ఆడవాళ్లు నిజంగానే తక్కువ తాగుతారు, కానీ అత్తగారు పక్కన కూర్చుని ఉండగా అడిగితే ఆ కొద్దీ సున్నా అవుతుంది.

రోజులవారీ వివరం కావాలంటే సోబెల్ దంపతుల టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ చాలా మంచి పద్ధతి. క్యాలెండర్ ముందు పెట్టి వెనక్కి వెళ్తారు. 'ఫిబ్రవరి 14న ఎంత తాగారు?' అంటే ఎవరికీ గుర్తుండదు. సంక్రాంతి మూడు రోజులు, బోనాల ఆదివారం, జీతం పడిన శనివారం, మేనకోడలి పెళ్లి అని గుర్తులు పెడితే తొంభై రోజులు తేలిగ్గా నిండుతాయి.

చెప్పినవాడికి చేటు రాకుండా

'ఈ కాగితం పోలీసులకి వెళ్తుందా సార్?' ఇది పేషెంటు నోటితో అడిగినా అడగకపోయినా మనసులో ఉంటుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో సెక్షన్ 27 ప్రకారం గంజాయి వాడటం కూడా నేరమే. అదే చట్టంలో 64ఎ తానుగా చికిత్సకి వచ్చినవాడికి కొన్ని షరతులతో రక్షణ ఇస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంలో కలిపింది, సెక్షన్ 23లో గోప్యత హక్కు ఇచ్చింది. సెక్షన్ 99 ప్రకారం కేవలం ఇంటర్వ్యూ చేసే పరిశోధనకి కూడా ఆ వ్యక్తి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండాలి. మేనియా ఉద్ధృతిలో ఉన్న మనిషి చేత వేలిముద్ర వేయించి అది సమ్మతి అనుకోవద్దు. కాస్త కుదుటపడేదాకా ఆగండి. జవాబులు కూడా అప్పుడే నమ్మదగ్గవిగా ఉంటాయి.

ప్రొఫార్మా మీద పేరు వద్దు, కోడ్ చాలు. కోడ్‌కి పేరు కలిపే రిజిస్టర్ వేరే బీరువాలో, గైడ్ దగ్గర. మూత్రం పాజిటివ్ వస్తే వైద్యం చేస్తున్న డాక్టర్‌కి చెబుతారా లేదా? దీన్ని ముందే నిర్ణయించి సమ్మతి పత్రంలో రాయండి. నా ఉద్దేశంలో చెప్పాలి, పేషెంటుకి ముందే తెలియజేసి. లేకపోతే తెలిసీ ఊరుకున్నట్టవుతుంది.

మీ పరిస్థితికి ఏది?

పీజీ థీసిస్, ఏడాదిన్నర గడువు, నిధులు లేవు: అసిస్ట్, కల్లుకీ ట్రైహెక్సీఫెనిడిల్‌కీ అదనపు పేజీ, ఇంట్లోవాళ్లలో ఒకరితో చిన్న ఇంటర్వ్యూ. మూత్రం జోలికి పోవద్దు. వాడకం 30 శాతం ఉంటుందనుకుని, అటూఇటూ 5 శాతం తేడాతో చెప్పాలంటే 323 మంది కావాలి. 7 శాతం తేడాకి సిద్ధపడితే 165 సరిపోతారు. ఆ 165 మందిలో ఓపియాయిడ్లు వాడేవాళ్లు ముగ్గురు నలుగురే దొరుకుతారు కాబట్టి వాళ్లని వయసువారీగా, కులంవారీగా ముక్కలు చేసి కై-స్క్వేర్ అనే గణాంక పరీక్ష వేయకండి. డీఅడిక్షన్ ఓపీ నుంచి కేసులు తెచ్చుకుంటే అంకె దానంతటదే ఉబ్బుతుంది. జనరల్ సైకియాట్రీ ఓపీలో వరుసగా వచ్చినవాళ్లని తీసుకోండి.

నిధులున్న డిపార్ట్‌మెంట్ ప్రాజెక్ట్ అయితే పైదానికి టైమ్‌లైన్ ఫాలోబ్యాక్, ఇంజెక్షన్ ముందు తీసిన మూత్రం, అనుమానం ఉన్నవాటికి ల్యాబు నిర్ధారణ కలపండి. అందరికీ అక్కర్లేదు. లాటరీ తీసి ముగ్గురిలో ఒకరికి చేసినా, నోటి మాటకీ మూత్రానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. ఆ తేడాతో మిగతా ఇద్దరి జవాబుల్ని ఎంత నమ్మాలో తేల్చుకోవచ్చు.

జిల్లా ఆస్పత్రిలో ఒక్క డాక్టర్, రోజుకి వంద ఓపీ: ఆడిట్-సి, 'గంజాయి?', 'నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు రాసినదానికంటే ఎక్కువ?', 'కల్లు రోజూనా?' అన్న మూడు ప్రశ్నలు. స్టాఫ్ నర్స్ అడగొచ్చు. ఓపీ చీటీ మీద రబ్బరు స్టాంపుతో ఐదు గడులు వేయించుకోండి, వాటిలో ఒకటి 'అడగలేదు' అని ఉండాలి.

ఏది ఎంచుకున్నా, వద్దన్నవాళ్ల లెక్క కూడా రాయండి. ఎంతమందిని పిలిచారు, ఎంతమంది సంతకం పెట్టలేదు, ఎంతమంది మాట్లాడే స్థితిలో లేరు, వాళ్ల వయసు, ఆడా మగా, జబ్బు పేరు. వద్దన్నవాళ్లలో వాడేవాళ్లు ఎక్కువ ఉండే అవకాశం ఉంది. మొదటి ఇరవై మందితో పైలట్ చేసి, ఇద్దరు వేర్వేరుగా స్కోరు వేసి పోల్చుకోండి. తేడా ఎక్కువగా వచ్చేది కల్లు పేజీలోనే అయ్యుంటుంది. అసలు డేటా మొదలుపెట్టే ముందు ఆ పేజీలోని ప్రశ్నలని అదే ప్రాంతం నుంచి వచ్చిన వార్డు బాయ్‌కో, ఆయమ్మకో చదివి వినిపించి సరిచేయించుకోండి.